పొందూరు నుంచి ఒక కార్డు ముక్క
(ఉత్తరాలు, స్టాంపులు: మీ ప్రశ్నలకు జవాబులు)

ప్రశ్న: అమ్మా, నమస్కారం. నేను డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. రెండు నెలల క్రితం పోస్ట్‌క్రాసింగ్‌లో (ఇతర దేశాల్లో తెలియనివాళ్లతో పోస్టుకార్డులు ఇచ్చిపుచ్చుకునే వెబ్‌సైటు) చేరి ఐదు కార్డులు పంపాను. రెండు ఈమధ్యే చేరాయి, మూడింటి జాడ లేదు. నాకు ఇంతవరకూ ఒక్కటీ రాలేదు. ‘ముక్కూ మొహం తెలియనివాళ్లకి ఇంటి అడ్రసు ఇస్తావా’ అని నాన్నగారు కోప్పడుతున్నారు. పైగా ఇక్కడ షాపుల్లో అడిగితే తాజ్‌మహల్ కార్డులే చూపిస్తారు. మా ఊరి గురించి రాయడానికి ఏముంది? మా నానమ్మ పొద్దస్తమానం రాట్నం దగ్గర కూర్చుంటుంది, అంతే. మానేయమంటారా?
– ఒక పాఠకురాలు, పొందూరు

జవాబు: మానేయకు తల్లీ.

ముందు నాన్నగారి సంగతి. ఆడపిల్ల తండ్రికి ఆ భయం ఉంటుంది, దాన్ని కొట్టిపారేయకు. ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని పద్ధతంతా చూపించు. నీ అడ్రసు అందరికీ కనపడేలా ఉండదు. ఎవరికి నీ పేరు వస్తుందో వాళ్లకు మాత్రమే వెళుతుంది. అయినా మనసు ఒప్పకపోతే ఇంటి అడ్రసు బదులు నాన్నగారి దుకాణం అడ్రసో, పెద్ద పోస్టాఫీసులో అద్దెకిచ్చే పోస్టు బాక్సు నంబరో ఇవ్వచ్చు. కార్డు మీద ఫోన్ నంబరు మాత్రం ఎప్పుడూ రాయకు. కార్డు అంటే దారిలో ఎవరైనా చదవగలిగే ఉత్తరం.

నీకు ఇంకా రాలేదని బెంగ వద్దు. 2005లో పోర్చుగల్‌లో పావులో మగల్యాయిష్ అనే విద్యార్థి దీన్ని మొదలుపెట్టినప్పటి నుంచీ లెక్క ఒకటే. నువ్వు ఎవరికి పంపావో వాళ్లు నీకు తిరిగి రాయరు. నీ కార్డు చేరిందని వాళ్లు నమోదు చేశాక, నీ అడ్రసు ఇంకో దేశంలో ఇంకెవరికో వెళుతుంది. నీవి రెండు చేరాయి కాబట్టి నీ పేరు మీద రెండు కార్డులు రావాలి. అవి దారిలో ఉంటాయి. నేను జర్మనీకి పంపిన కార్డు ఒకటి పన్నెండు రోజుల్లో చేరింది, అదే దేశానికి పంపిన మరొకటి నలభై రోజులు తిరిగింది. 60 రోజులు దాటితే గడువు అయిపోయినట్టు చూపిస్తుంది, దాని బదులు ఇంకొకరి అడ్రసు తీసుకోవచ్చు. పాత కార్డు ఏడాదిలోపు ఎప్పుడు చేరినా నమోదవుతుంది. కాబట్టి ఆ మూడింటి మీద ఆశ వదులుకోకు.

ఒక్కటి చూసుకో. ప్రతి కార్డుకూ వెబ్‌సైటు ఒక కోడ్ ఇస్తుంది కదా, చేరాక అవతలివాళ్లు నమోదు చేసేది దాంతోనే. దాన్ని ఎక్కడ రాశావు? నేను మొదట్లో దాన్ని స్టాంపు పక్కనే ఒక్కసారి రాసేదాన్ని. జపాన్‌కు పంపిన కార్డులో తారీఖు ముద్ర సరిగ్గా ఆ అంకెల మీదే పడింది. 28 ఏళ్లు కౌంటర్లో కూర్చుని ముద్రలు కొట్టినదాన్ని, ముద్ర ఎక్కడ పడుతుందో నాకు తెలియాల్సింది. ఆ కార్డు నమోదు కావడానికి నాలుగు నెలలు పట్టింది. అప్పటి నుంచి కోడ్‌ను రెండుచోట్ల రాస్తున్నాను, రెండూ స్టాంపుకు దూరంగా. అడ్రసు ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో, దేశం పేరు అడుగు వరుసలో ఉండాలి. విదేశీ కార్డుకు ఎంత స్టాంపు కావాలో కౌంటర్లో అడిగే అతికించు. యాభై పైసల కార్డు మన దేశం లోపలికే.

ఇక ‘రాయడానికి ఏముంది’ అన్నావు చూడు, ఆ మాట నాకు బాధ కలిగించింది. మీ నానమ్మగారు పొందూరు ఖద్దరు పద్ధతిలో వాలుగ చేప దవడతో పత్తి దువ్వుతారా? ఒకసారి ఆ దవడను చేతిలోకి తీసుకుని చూడు. వరసగా సన్నటి పళ్లు, దువ్వెన కంటే దగ్గరగా ఉంటాయి. దాంతో గింజ చుట్టూ ఉన్న దూదిని దువ్వుతుంటే చెత్తా నలుసూ అంతా రాలిపోయి, పోగులు ఒకే వైపు తిరుగుతాయి. తర్వాత గింజ తీసి, ఏకి, ఏకులు (వడకడానికి చుట్టిన దూది వత్తులు) చేసి, అవి నలగకుండా ఎండిన అరటి దొప్పలో చుట్టి పెట్టుకుంటారు. పత్తి దువ్వడానికి చేప పళ్లు! ఫిన్లాండ్‌లో కూర్చున్న ఒకావిడకు ఇది తాజ్‌మహల్ కంటే ఎంత కొత్తగా ఉంటుందో ఆలోచించు. తాజ్‌మహల్‌ను ఆవిడ ఇంతకుముందే బొమ్మల్లో వందసార్లు చూసి ఉంటుంది.

కార్డు దొరకకపోతే మనమే చేసుకుందాం. నానమ్మ మొహం వద్దు, ఆవిడకు ఇష్టం ఉండకపోవచ్చు. దవడ పట్టుకున్న చెయ్యి మాత్రం కిటికీ వెలుతురులో ఫోటో తియ్యి. స్టూడియోలో 4×6 సైజులో మెరుపు లేని కాగితం మీద ప్రింటు తీయించి, దళసరి డ్రాయింగ్ షీటుకు అతికించు. మెరుపు కాగితం మీద ముద్ర సిరా ఆరక చెదిరిపోతుంది. విదేశాలకు వెళ్లే కార్డు కనీసం 14 సెంటీమీటర్ల పొడవు, 9 సెంటీమీటర్ల వెడల్పు ఉండాలి, 4×6 అందులో సరిపోతుంది. ఆవిడ వడికిన నూలు పోగు ఒకటి అతికించాలని నీకు అనిపించవచ్చు. వద్దు, యంత్రంలో చిక్కుకుంటుంది. కవర్లో పెట్టి పంపితే ఫరవాలేదు.

అవతలివాళ్లు తమ గురించి రాసుకున్న నాలుగు ముక్కలు తప్పకుండా చదువు. పక్షులంటే ఇష్టం అని రాసినవాళ్లకు నేను తేలినీలాపురం కొంగల గురించి రాస్తాను, గుళ్లంటే ఇష్టమైనవాళ్లకు శ్రీకూర్మం. మా మనవరాలు పుట్టిన వారంలో ఫిన్లాండ్‌లో ఒక పెద్దావిడకు కార్డు రాయాల్సి వచ్చింది. మన పద్ధతిలో నాలుగు మూలలా కాస్త పసుపు రాసి, శుభవార్త మోసే ఉత్తరానికి మా ఇళ్లల్లో ఇలా చేస్తారు అని రాశాను. చేరినట్టు నమోదు చేస్తూ ఆవిడ రాసింది: మూలలు వాసన చూశానని, ఆ కార్డు వంటింట్లో పెట్టుకున్నానని.

మీ నానమ్మగారి కార్డు ఒకటి నాకూ పంపు. పత్రిక అడ్రసుకు రాస్తే చాలు, యాభై పైసల కార్డయినా సరే.

ప్రశ్న: జర్మనీ నుంచి నాకు వచ్చిన కార్డు వానకు తడిసి, కోడ్ చెరిగిపోయింది. ఎలా నమోదు చేయాలి?
– ఒక రిటైర్డ్ మాస్టారు, విజయనగరం

జవాబు: మాస్టారూ, బాల్ పెన్‌తో రాసి ఉంటే సిరా పోయినా కాగితం మీద గాడి మిగులుతుంది. చీకటి గదిలో టార్చిలైటును పక్కనుంచి, కార్డుకు ఆనించినట్టుగా పట్టి చూడండి. అంకెలు నీడల్లా కనబడతాయి. అప్పటికీ తెలియకపోతే, ఏ దేశం నుంచి వచ్చింది, పంపినవారి పేరు, కార్డు మీద ఏం రాసి ఉంది అన్నవి వెబ్‌సైటులో సహాయం అడిగే చోట నింపండి. వాళ్లు వెతికి పెడతారు. ఆలస్యం మాత్రం చేయకండి. మీరు నమోదు చేసేదాకా ఆ పంపినవారికి రావాల్సిన కార్డు కదలదు.

ప్రశ్న: అక్టోబరు 1న పోస్టుకార్డు దినోత్సవం అని మా టీచర్ చెప్పారు. ఆ రోజే ఎందుకు?
– ఏడో తరగతి విద్యార్థి, రాజాం

జవాబు: ప్రపంచంలో మొదటి పోస్టుకార్డు 1869 అక్టోబరు 1న ఆస్ట్రియా-హంగరీలో వచ్చింది బాబూ. మన దేశంలోకి 1879 జులై 1న వచ్చింది, అప్పుడు దాని ధర కాలణా. అణా అంటే రూపాయిలో పదహారో వంతు. కాలణా అంటే రూపాయిలో ఎన్నో వంతో నువ్వే లెక్కకట్టి, జవాబు కార్డు మీద రాసి పంపు.