బోరు గొట్టం, మంజీరా గొట్టం కలిస్తే పూచీ ఎవరిది?

ప్రశ్న: హైదరాబాద్‌లో మాది నలభై ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. ఫ్లాట్లు మా చేతికి వచ్చి మూడేళ్లయింది. మంజీరా నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. అవి చాలక బోరు కూడా వాడుతున్నాం. బిల్డర్ కట్టేటప్పుడే బోరు గొట్టాన్ని, మంజీరా నీళ్లు సరఫరా చేసే జలమండలి గొట్టానికి కలిపి, మధ్యలో ఒక గేట్ వాల్వు, నీటిని ఒకవైపే పోనిచ్చే ఒక నాన్ రిటర్న్ వాల్వు పెట్టాడు. ఈ మధ్య మా వీధిలో నాలుగైదు ఇళ్లకు నీళ్లు రంగు మారి వచ్చాయి. ఇద్దరు పిల్లలు వాంతులు, విరేచనాలతో ఆసుపత్రిలో చేరారు. అధికారులు మా గొట్టాలు చూసి, ఏడు రోజుల్లో వాటిని విడదీయకపోతే కనెక్షన్ తీసేస్తామని అసోసియేషన్‌కు నోటీసు ఇచ్చారు. వాల్వులు ఉండగా మా నీళ్లు బయటికి ఎలా వెళ్తాయి? విడదీయాలని ఏ చట్టంలో ఉంది? పొరుగువారు కేసు పెడతామంటున్నారు. కార్యదర్శిగా నా మీద కూడా కేసు వస్తుందా?
— ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మీ చివరి ప్రశ్నే మిమ్మల్ని ఎక్కువగా కలవరపెడుతోందని ఉత్తరం చదివితే తెలుస్తోంది. దానికి వస్తాను. అయితే వాల్వుల సంగతి తేలనిదే దానికి జవాబు చెప్పలేం.

కిరోసిన్ డబ్బాలో గొట్టం పెట్టి ఒక్కసారి పీల్చి వదిలితే ఆ తర్వాత దానంతట అదే కారుతుంది కదా, వీధి గొట్టంలోనూ జరిగేది అదే. సరఫరా ఆగిన తర్వాత పల్లంలో ఉన్న ఇళ్లవారు కుళాయి తిప్పితే లైను ఖాళీ అవుతూ వెనక ఉన్నదాన్ని లాగుతుంది. మీ దగ్గర ఇంకొకటి కూడా ఉంది. ఆ వేళకు బోరు మోటారు నడుస్తుంటే, అటు వీధి గొట్టంలో ఒత్తిడే లేదు, ఇటు మీ గొట్టంలో మోటారు తోపు. మధ్యలో ఉన్నవి రెండు వాల్వులు మాత్రమే. గేట్ వాల్వును ఎవరైనా తెరిచి మూయడం మరిచిపోవచ్చు. నాన్ రిటర్న్ వాల్వు మూతలో చిన్న రాయి ఇరుక్కున్నా, బోరు నీటి ఉప్పు పేరుకున్నా అది పూర్తిగా మూసుకోదు. మూడేళ్లలో దాన్ని ఒక్కసారైనా విప్పించి చూశారా? చూసి ఉంటే ఉత్తరంలో రాసేవారే.

ఇక చట్టం. అమెరికాలో చాలా నగరాలకు ఈ విషయంలో విడిగా నిబంధనలున్నాయి. అక్కడ ఇల్లు కొనుక్కుని పచ్చికకు స్ప్రింక్లర్లు పెట్టుకున్న మనవాళ్లను అడగండి, నీరు వెనక్కి పోకుండా ఆపే పరికరాన్ని ఏటా పరీక్ష చేయించమని నగరం నుంచి నోటీసు రావడం వారిలో చాలామందికి అనుభవమే. ఆ పట్టుదల ఊరికే రాలేదు. 1933లో షికాగోలోని రెండు హోటళ్లలో మంచినీటి గొట్టాలకు మురుగు గొట్టాలతో కలయిక ఏర్పడి, అమీబిక్ విరేచనాలు ప్రబలి 98 మంది చనిపోయారు. మన దగ్గర ఈ ఒక్క అంశానికే ప్రత్యేక చట్టమంటూ లేదు. అందుకే మీకు నోటీసిచ్చిన అధికారి సెక్షను చెప్పలేక తడబడి ఉండవచ్చు. అంతమాత్రాన నియమం లేదనుకోకండి.

భవనాల్లో నీటి సరఫరాకు భారత ప్రమాణాల సంస్థ ఇచ్చిన ఐఎస్ 2065లోనూ, 2016 జాతీయ భవన నిర్మాణ స్మృతి తొమ్మిదో భాగంలోనూ ఈ మాట ఉంది. తాగే నీటి గొట్టానికి, వేరే నీటి గొట్టానికి ఎలాంటి కలయికా ఉండకూడదు. నాన్ రిటర్న్ వాల్వు పెట్టినా, వాల్వు మూసి సీలు వేసినా అది కలయిక లేనట్టు కాదని కూడా అందులోనే చెప్పారు. మీ మొదటి ప్రశ్న ఎవరో ముందే ఊహించి జవాబు రాసిపెట్టినట్టుంది చూడండి. స్మృతి దానంతట అది చట్టం కాదని మీ వకీలు వాదించవచ్చు. ఆ వాదన నిజమే కానీ మిమ్మల్ని కాపాడదు. కోర్టు చూసేది తగిన జాగ్రత్త తీసుకున్నారా లేదా అన్నది. జాగ్రత్తకు కొలబద్దగా ముందు పెట్టేది ఈ ప్రమాణాలనే. పైగా జలమండలికి 1989 నాటి సొంత చట్టం ఉంది. కనెక్షన్ ఇచ్చేటప్పుడు మీరు ఒప్పుకున్న షరతులు ఉన్నాయి. మీ నోటీసు నిలబడేది వాటి మీదే.

నోటీసును సవాలు చేయవచ్చా? చేయవచ్చు, నేనైతే వద్దంటాను. రాతపూర్వకంగా కారణం చెప్పారు, గడువు ఇచ్చారు. వినకుండా శిక్షించారనే ఫిర్యాదుకు ఇక్కడ పెద్దగా చోటు లేదు. పిల్లలు ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఏ న్యాయమూర్తీ ఇలాంటి కలయికను కొనసాగించమని స్టే ఇవ్వరు. బోరు వాడకూడదని మిమ్మల్ని ఎవరూ అనడం లేదు, విడిగా వాడమంటున్నారు. సంపులోకి వచ్చే జలమండలి గొట్టం మూతి ఎప్పుడూ నీటిమట్టానికి పైనే, గాలిలో ఉండాలి. ఆ ఖాళీని మించిన వాల్వు ఇప్పటికీ లేదు. నీళ్లు పడే చప్పుడు వినిపించకూడదని గొట్టాన్ని సంపు అడుగుదాకా దించే ప్లంబర్లు ఉన్నారు. మీ దగ్గరా అలాగే ఉందేమో చూడండి. అలా ఉంటే సరఫరా ఆగినప్పుడు మీ సంపు నీళ్లే వీధిలోకి వెళ్తాయి.

ఇప్పుడు కేసు సంగతి. భారతీయ న్యాయ సంహితలో 279వ సెక్షను ప్రజల నీటి వనరును బుద్ధిపూర్వకంగా పాడుచేయడం గురించి చెబుతుంది. దానికి ఆరు నెలల వరకు జైలు లేదా ఐదు వేల వరకు జరిమానా లేదా రెండూ. 'బుద్ధిపూర్వకంగా' అన్న మాట ఉంది కాబట్టి, బిల్డర్ పెట్టిన గొట్టం విషయంలో ఇంతవరకు అది మీకు వర్తించడం కష్టం. ఇతరుల ప్రాణానికి ముప్పు తెచ్చే నిర్లక్ష్యం మీద 125వ సెక్షను, వ్యాధి వ్యాప్తికి దారితీసే నిర్లక్ష్యం మీద 271వ సెక్షను అలా కాదు. వాటికి మీరు కావాలని చేయనక్కరలేదు, జాగ్రత్త పడకపోవడమే చాలు. ఎవరైనా చనిపోతే 106వ సెక్షను వస్తుంది, అందులో ఐదేళ్ల వరకు శిక్ష ఉంది. కార్యదర్శి అయినంత మాత్రాన మరొకరి తప్పుకు మిమ్మల్ని జైలుకు పంపరు. ఎవరి చేతకు, ఎవరి అలసత్వానికి వారే నేరబాధ్యులు. అయితే నోటీసు మీ సంతకంతో అందింది. నిన్నటిదాకా 'నాకు తెలియదు' అనే మాట మీకు రక్షణ. నోటీసు అందిన తేదీ నుంచి ఆ మాట చెల్లదు. సర్వసభ్య సమావేశం పెట్టాలి, కొటేషన్లు రావాలి, ఫలానా ఫ్లాటు వారు డబ్బు కట్టలేదు అంటూ నెల గడిపితే ఆ నెల రోజుల అలసత్వం మీ పేరు మీద ఉంటుంది.

పరిహారం మాట వేరు. అది అసోసియేషన్ నిధి మీద పడే భారం. కాకపోతే పిల్లల అనారోగ్యానికి మీ గొట్టమే కారణమని రుజువు చేయాల్సింది వాళ్లు. హైదరాబాద్‌లో పాత గొట్టాలు మురుగు కాలువల పక్కనే పోతుంటాయి. 2009 మే నెలలో భోలక్‌పూర్‌లో కలుషిత నీటి వల్ల పలువురు ప్రాణాలు పోగొట్టుకున్నారు. నిధుల్లేవని చెప్పి పురపాలక సంఘం తన విధి తప్పించుకోలేదని 1980లోనే రత్లాం కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి జలమండలి లైను తప్పు కూడా పరిశీలించాల్సిందే. అందుకు మీరు ఈరోజే చేయాల్సింది నీటి పరీక్ష. బోరు నీళ్లు, జలమండలి మీటరు దగ్గరి నీళ్లు, సంపు నీళ్లు విడివిడిగా, పొరుగువారిలో ఒకరి సమక్షంలో పట్టి నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌కు పంపండి. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం 100 మి.లీ. నీటిలో మలం నుంచి వచ్చే ఈ-కొలై బ్యాక్టీరియా కనిపించనే కూడదు, మిగులు క్లోరిన్ లీటరుకు కనీసం 0.2 మి.గ్రా. ఉండాలి. కాఠిన్యం, అంటే నీటిలో కరిగిన సున్నపు లవణాల మోతాదు కూడా రాయించండి. పొరుగువారి కుళాయి నీరు మీ బోరు నీటి అంత కఠినంగా ఉంటే చిక్కు మీకే. లేకపోతే వారి అనుమానం చాలావరకు వీగిపోతుంది. ఫలితం మీకు ప్రతికూలంగా వస్తుందేమోనని భయపడి ఊరుకోకండి. పరీక్ష వాళ్లు చేయించినా అదే ఫలితం వస్తుంది.

ముందు రాజీకి ప్రయత్నించే శాశ్వత లోక్ అదాలత్‌కు పొరుగువారు వెళ్లే వీలుంది. నీటి సరఫరా ప్రజోపయోగ సేవ కాబట్టి కోర్టు ఫీజు లేకుండా అక్కడ జలమండలి మీద దరఖాస్తు చేసుకోవచ్చు. జలమండలి తన తప్పు లేదంటూ మిమ్మల్ని చూపించడం ఖాయం. అలాంటప్పుడు ముందే గొట్టాలు విడదీసిన వాళ్లు రాజీ బల్ల దగ్గర నిబ్బరంగా కూర్చోగలుగుతారు.

మీరు అడగని బిల్డర్ సంగతి కూడా చెప్పాలి. బిల్డర్లను నియంత్రించే రెరా చట్టం 14వ సెక్షను మూడో ఉపనిబంధన ప్రకారం, ఫ్లాటు అప్పగించిన ఐదేళ్లలోపు పనితనంలో గానీ సౌకర్యాల ఏర్పాటులో గానీ లోపం బయటపడితే, తెలియజేసిన 30 రోజుల్లో బిల్డర్ ఉచితంగా సరిచేయాలి, లేకపోతే పరిహారం ఇవ్వాలి. మీకు మూడేళ్లే అయింది. అసోసియేషన్ పేరుతో ఈ వారమే రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపండి. ప్రాజెక్టు రెరాలో నమోదై ఉందో లేదో మాత్రం ముందు చూసుకోండి. అలాగని గొట్టాలు విడదీసే పనిని బిల్డర్ కోసం ఆపకండి. ముందు మీ డబ్బుతో చేయించి, ఖర్చు తర్వాత రాబట్టుకోండి.

పని మొదలుపెట్టే ముందు కలయిక ఉన్న చోట తేదీ కనిపించేలా ఫొటోలు తీయించండి. ప్లంబర్ బిల్లు మీద ఏం తీశాడో, ఏం బిగించాడో రాయించండి. ఆ ప్రతులు జత చేసి, తనిఖీకి రమ్మని కోరుతూ గడువులోపే జలమండలికి జవాబివ్వండి, అందినట్టు ముద్ర వేయించుకోండి. కోసి తీసిన గొట్టం ముక్కను, ఆ రెండు వాల్వులను పాత సామాను వాడికి అమ్మేయకండి. బిల్డర్ మీద వెళ్లినప్పుడు మీ చేతిలో ఉండాల్సిన సాక్ష్యం అదే.