మెట్రో లైన్ల కంటే ముందు బస్‌స్టాపులను బాగుచేయాలి

హైదరాబాద్‌లో రోజూ తిరిగే సామాన్యులకు ప్రజా రవాణా అక్కరకు రావాలంటే ముందుగా ఏం మార్చాలని అడిగితే, చాలామంది మెట్రోను పొడిగించాలంటారు. బస్‌స్టాపుతో మొదలుపెట్టాలన్నది నా గట్టి అభిప్రాయం.

మా అమ్మకు శుక్లం ఆపరేషన్ అయిన కొత్తలో, ఒక సాయంత్రం ఆఫీసులు వదిలే వేళకు, మెహిదీపట్నంలో సికింద్రాబాద్ వెళ్లే 49ఎం కోసం నిలబడ్డాము. బస్సు ఆగాల్సిన చోటంతా షేర్ ఆటోలే ఉండడంతో వచ్చిన ప్రతి బస్సూ నడిరోడ్డు మీద, అదీ స్టాపు దాటి కాస్త ముందుకు వెళ్లి ఆగుతోంది. జనం పరుగెత్తి ఎక్కుతున్నారు. నల్ల కళ్లద్దాలతో నంబరు కనబడక, నా మోచేయి పట్టుకుని అమ్మ నాలుగడుగులు వేసేలోగా "రైట్ రైట్" అని వినిపిస్తోంది. చివరికి ఒక కాలేజీ అమ్మాయి పరుగెత్తి, అరచేత్తో బస్సును చరిచి ఆపింది. కండక్టరు కిందికి దిగి, "తొందరేం లేదమ్మా, ముందు ఆ కమ్మీ పట్టుకోండి" అని చేయి అందించాడు. అప్పుడు గమనించాను, మొదటి మెట్టు అమ్మ మోకాలి ఎత్తున ఉంది. అదే బస్సు ఫుట్‌పాత్‌ను ఆనుకుని ఆగి ఉంటే ఆ ఎత్తులో సగం తగ్గిపోయేది, ఎవరి చేయీ అవసరమయ్యేది కాదు.

అదే మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే 2009లోనే వచ్చింది. కార్లలో వెళ్లేవారి కోసం అంత పెద్ద వంతెన కట్టగలిగిన ఊరు, కింద బస్సు కోసం నిలబడేవారికి బస్సు పొడవంత ఖాళీ స్థలం కాపాడలేకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ప్రయాణం ఉచితమైంది. ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లకు అది నెల నెలా మిగిలే డబ్బు. రద్దీ పెరిగితే బస్సులు పెంచాలి గానీ ఆడవాళ్లను ఆడిపోసుకోవడం అన్యాయం. అయితే టికెట్ లేనంత మాత్రాన బస్సు అందదు, దాని వెనక పరుగెత్తే ఓపిక కూడా ఉండాలి. మెట్రో సంగతికొస్తే, 2017 నవంబర్‌లో మొదలై మూడేళ్లు తిరగకుండానే సుమారు 69 కిలోమీటర్లకు చేరింది, నాకు సంతోషమే. కానీ ఉప్పల్‌లో రైలు దిగి బోడుప్పల్ వెళ్లాల్సినవారు మళ్లీ రోడ్డు మీదికే రావాలి, బస్సో ఆటోనో వెతుక్కోవాలి.

అందువల్ల రద్దీ స్టాపుల్లో బస్సు నిలిచే మేర రోడ్డుకు రంగు వేసి, సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది దాకా ఒక కానిస్టేబుల్‌ను అక్కడే ఉంచాలి. ఏ నంబరు బస్సు ఎక్కడ ఆగుతుందో నిలబడ్డవారి కంటి ఎత్తులో, పెద్ద అక్షరాలతో రాయాలి. ఆటోవాళ్లను తరిమేయమని నేను చెప్పడం లేదు. వాళ్లూ బతకాలి, వాళ్లు లేకపోతే చాలా కాలనీలకు వెళ్లే దారే ఉండదు. స్టాపు దాటగానే వాళ్లకంటూ విడిగా కాస్త చోటు గీసి ఇస్తే సరిపోతుంది.