జప్తు అంటే ఇల్లు పోయినట్లేనా?

‘జప్తు’ అనే మాట ఎక్కడిది, కోర్టు జప్తు చేస్తే ఇల్లు పోయినట్లేనా అని అడిగారు. పోయినట్లు కాదు.

మా బాబాయి ఒక స్నేహితుడి ప్రోనోటుకు హామీ సంతకం పెట్టాడు. ఆ స్నేహితుడు చేతులెత్తేశాడు. అప్పిచ్చినాయన దావా వేసి డిక్రీ (కోర్టు తీర్పు ఉత్తర్వు) తెచ్చుకుని, దాన్ని అమలు చేయమని ఈపీ అనే పిటిషన్ కూడా వేశాడు. ఉత్తర్వులు అమలు చేసే కోర్టు ఉద్యోగి, అమీనా వచ్చి గోడకు ఉత్తర్వు అంటించి, వీధిలో టముకు వేయించి వెళ్లాడు. పిన్ని ఏడుస్తూ సామాన్లు సర్దడం మొదలుపెట్టింది. వకీలే ఆపాడు. ఇల్లు ఇంకా మీ పేరు మీదే ఉంది, అందులోనే ఉండండి, అమ్మడం, తాకట్టు పెట్టడం, ఎవరికైనా రాసివ్వడం మాత్రం కుదరదు అన్నాడు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 64వ సెక్షన్ సారాంశం అదే.

మాట అరబీది, ‘జబ్త్’. గట్టిగా పట్టి ఉంచడం, అదుపులో పెట్టడం అని అర్థం. ఉర్దూలో కోపాన్నో ఏడుపునో దిగమింగుకోవడాన్ని కూడా జబ్త్ అంటారు. అక్బర్ కాలంలో భూమి కొలిచి శిస్తు కట్టే పద్ధతికీ ఇదే పేరు. పారశీకం పాలనాభాషగా ఉన్న రోజుల్లో దావా, వకీలు, హాజరు, రాజీ వచ్చిన దారినే ఇదీ తెలుగులోకి దిగింది. కోర్టు జప్తులో ఇప్పటికీ ఆ పాత అర్థమే ఉంది: కదలకుండా పట్టి ఉంచడం.

మన పేపర్లు మాత్రం పట్టుబడ్డ సారాకీ, ఈడీ అటాచ్ చేసిన ఆస్తులకీ అన్నిటికీ జప్తు అనే రాస్తాయి. ఈడీ తాత్కాలిక అటాచ్‌మెంట్‌కు గడువు 180 రోజులు. ఈలోగా ఆ అటాచ్‌మెంట్ సరైనదా కాదా తేల్చే అడ్జుడికేటింగ్ అథారిటీ దాన్ని ఖరారు చేయాలి. ఆస్తి ప్రభుత్వపరం కావడం ఆ తర్వాతి మాట. సగం టెన్షన్ ఈ కలగాపులగం వల్లే అని నా అనుమానం.

ఇంకో సంగతి, అన్నీ జప్తు చేయడానికి వీల్లేదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ప్రకారం కట్టుబట్టలు, వంటపాత్రలు, మంచాలు, ఆచారం ప్రకారం స్త్రీ ఒంటి మీద నుంచి తీయకూడని నగలు, చేతివృత్తివాళ్ల పనిముట్లు, రైతు వ్యవసాయ సామగ్రి ముట్టుకోకూడదు. మామూలు అప్పు డిక్రీకైతే జీతంలో మొదటి 1,000 రూపాయలూ, మిగతాదాంట్లో మూడింట రెండు వంతులూ వదిలేయాలి. చీకటి పడ్డాక సామాను జప్తు కోసం ఇంట్లోకి రాకూడదు కూడా.

బాబాయి వాయిదాల మీద రాజీ కుదుర్చుకుని, జప్తు ఎత్తివేత ఉత్తర్వు తెచ్చుకున్నాడు. మీకు వచ్చిన కాగితం ఒకసారి చూడండి. అదే కోడ్‌లోని ఆర్డర్ 21 రూల్ 54 అని ఉంటే అది జప్తు. రూల్ 66 అని ఉంటే వేలం ప్రకటన దాకా వచ్చినట్లు. అప్పుడు మాత్రం రేపటి దాకా ఆగకుండా వకీలును కలవండి.