అద్భుతాల చుట్టూ ఎర్ర సున్నాలు

చిరంజీవికి,

జపాన్ సినీ దర్శకుడు ఓజు మీద నువ్వు రాసిన వ్యాసం అందింది. నాలుగు పేజీల్లో ‘అద్భుతం’ 11 సార్లు వచ్చింది. ఎర్ర సిరాతో సున్నాలు చుట్టాను, నొచ్చుకోకు. నీ వయసులో నా సమీక్షలూ పెళ్లిలో పన్నీరు చల్లినట్టే ఉండేవి. ఎవరి మీద పడుతోందో చూసుకునేవాణ్ణి కాదు.

అసలు తప్పు రెండో పేజీలో ఉంది. ‘ఓజు కెమెరాను కదపడు’ అన్నావు. అది యుద్ధం తర్వాతి సినిమాలను చూసినవాళ్ల మాట. నువ్వు రాస్తున్నది 1932 నాటి మూకీ ‘ఐ వాజ్ బార్న్, బట్...’ గురించి. అందులో కెమెరా బడిలో పిల్లల వరుస వెంట కదులుతుంది. వెంటనే అదే కదలిక ఆఫీసు బల్లల వెంట సాగుతుంది, గుమాస్తాలు ఒకరి తర్వాత ఒకరు ఆవలిస్తారు. ఈ పిల్లలు రేపు ఎక్కడ తేలతారో ఒక్క అతుకుతో చెప్పేశాడు. దాన్ని నువ్వు చూడలేదా, చూసి వదిలేశావా?

జపాన్‌లో మూకీ చాలాకాలం బతికింది. తెర పక్కన నిలబడి కథ చెప్పే బెన్షీలకు అంత పలుకుబడి. ఓజు తొలి టాకీ 1936లో గానీ రాలేదు. మన ‘భక్త ప్రహ్లాద’ మాట్లాడింది 1932లోనే. అక్కడా ఇక్కడా తండ్రిని నిలదీసిన కొడుకులే, చూశావా! (ఇది వ్యాసంలో పెట్టకు, ఉత్తరానికే బాగుంటుంది.)

ఇక ఆ ఇంటి సినిమా ఘట్టం. ఇద్దరు పిల్లల నాన్న పనిచేసే ఆఫీసు యజమాని ఇంట్లో ప్రొజెక్టర్ తిరుగుతుంటుంది. తెర మీద నాన్న ఆయన మెప్పు కోసం వెకిలి ముఖాలు పెడుతుంటాడు. చుట్టూ నవ్వులు. ఇద్దరు కొడుకుల ముఖాలు మాత్రం వాడిపోతాయి. ఇంటికొచ్చాక, ఆయనకెందుకు వంగి దండం పెడతావని అడుగుతారు. జీతం ఇస్తాడు కాబట్టి అంటాడు నాన్న. అయితే తీసుకోకు అంటారు వాళ్లు! అన్నం మానేస్తారు. ఆ పంతం మర్నాడు పెరట్లో, అమ్మ చేసిన అన్నం ముద్దల దగ్గర సడలుతుంది. నాన్న వచ్చి పక్కన కూర్చుంటాడు.

నీ వ్యాసంలో ‘వర్గ వ్యవస్థపై విమర్శ’ మూడు పేరాలు ఉంది, ఆ ముద్దల ఊసే లేదు.

సినిమా మళ్లీ చూడు. సంగీతం ఆపేసి చూడు. విశేషణం ఒక్కటీ లేకుండా ఆ పెరటి సన్నివేశాన్ని ఒకే పేజీలో రాసి పంపు. పాత ప్రతి నా దగ్గరే ఉంటుంది, ఎర్ర సున్నాలతో సహా.

ఆశీస్సులతో,
మీ మాస్టారు