కెమెరా ధర ఒక్కసారే, రీలు ఖర్చు నెలనెలా

ప్రశ్న: నా వయసు 34 ఏళ్లు. భార్యాభర్తలమిద్దరమూ ఉద్యోగులం, మాకు ఒక పాప. మూడేళ్ల కిందట పాత ఫిల్మ్ కెమెరాలతో ఫోటోలు తీయడం మొదలుపెట్టాను. ఇప్పుడు నా దగ్గర ఏడు కెమెరాలున్నాయి. నెలకు నాలుగు రీళ్లు తీస్తాను. రీళ్లు కొనడానికీ, కడిగించడానికీ, స్కాన్ చేయించడానికీ కలిపి నా జీతంలో 9 శాతం దాకా ఖర్చవుతోంది. ఇటీవల ఒక పాత లైకా ఎం6 ఫిల్మ్ కెమెరా అమ్మకానికి వచ్చింది. దాని ధర నా అయిదు నెలల జీతంతో సమానం. ఇలాంటి కెమెరాల ధరలు పెరుగుతూ వస్తున్నాయి కాబట్టి దీన్ని ఖర్చుగా కాక పెట్టుబడిగా చూడాలని నా అభిప్రాయం. 24 నెలల వాయిదాల మీద కొనమంటారా, అత్యవసరాల కోసం వేసుకున్న ఫిక్స్‌డ్ డిపాజిట్ తీసి కొనమంటారా? ఒక కెమెరా చాలదా అని నా భార్య అడుగుతోంది.

జవాబు: మీరు అడిగిన రెండు మార్గాలూ వద్దనే చెబుతాను. అయితే అభిరుచిని మానుకోమని మాత్రం చెప్పబోవడం లేదు. మీ ఉత్తరంలో నా దృష్టి లైకా మీద కన్నా, మీరు మాటవరసకు చెప్పి దాటేసిన ఆ 9 శాతం మీద ఎక్కువగా నిలిచింది. ఏనుగును కొనబోయేవాడు ఏనుగు ధర గురించే బేరమాడతాడు. మేత లెక్క ఇంటికి తోలుకొచ్చాక గానీ గుర్తుకు రాదు.

ముందుగా పెట్టుబడి అన్న మాటను పరిశీలిద్దాం. పెట్టుబడి అనదగినది మన దగ్గర ఉన్నంత కాలం వడ్డీగానో అద్దెగానో కొంత ఆదాయం ఇవ్వాలి, లేదా అమ్మిన రోజున మనం దాని మీద పెట్టిన మొత్తాన్ని మించి తిరిగి తేవాలి. కెమెరా మొదటి పని చేయదు. రెండోది చేస్తుందేమో లెక్క వేసి చూద్దాం. కెమెరా ధర 100 అనుకోండి. ఏడాదికి 15 శాతం వడ్డీతో 24 నెలల వాయిదాలు కడితే మీరు చెల్లించే మొత్తం సుమారు 116 అవుతుంది. ఎం6 మొదటి విడతగా 1984 నుంచి 2002 వరకు తయారైంది కనుక మీకు వచ్చేది కనీసం ఇరవై ఏళ్లు దాటిన యంత్రమై ఉంటుంది. దాన్ని ఒక్కసారైనా విప్పి, శుభ్రం చేసి, నూనె వేసి, షట్టర్ వేగాలూ, దూరాన్ని బట్టి ఫోకస్ కుదర్చడానికి తోడ్పడే రేంజ్‌ఫైండరూ సరిచేయించవలసి వస్తుంది. అందుకు మరో 8 వేసుకుందాం. తిరిగి అమ్మేటప్పుడు మధ్యవర్తికి 10 శాతం కమిషన్ పోతుందనుకుంటే, మీ చేతికి 124 రావడానికి కొనేవారు దాదాపు 138 ఇవ్వాలి. ఏటా 17 శాతానికి పైగా చొప్పున రెండేళ్ల పాటు ధర పెరిగినా మీకు మిగిలేది ఏమీ ఉండదు, పెట్టింది పెట్టినట్టు తిరిగి వస్తుందంతే.

ధరలు పెరిగిన మాట నిజమే. అయితే ఉత్పత్తి ఆగిపోయి, ఉన్నవాటి కోసమే కొత్తవాళ్లు పోటీ పడుతున్నప్పుడు పెరిగిన ధర, సరఫరా మళ్లీ మొదలైతే ఎటు పోతుందో ఎవరూ హామీ ఇవ్వలేరు. మీరు చూస్తున్న మోడల్‌నే లైకా సంస్థ 2022లో తిరిగి తయారు చేయడం ప్రారంభించింది. 2024లో పెంటాక్స్ 17 పేరుతో, వారంటీ కలిగిన సరికొత్త ఫిల్మ్ కెమెరా ఒకటి మార్కెట్లోకి వచ్చింది. అంతకన్నా ముఖ్యమైన విషయం, కెమెరా విలువ ఎక్కడో ఉన్న ఫిల్మ్ కర్మాగారం మీద ఆధారపడి ఉంటుంది. 1935లో వచ్చిన కోడాక్ కంపెనీ రంగుల ఫిల్మ్ కోడాక్రోమ్ తయారీని 2009లో ఆపేశారు. దాన్ని కడిగే ప్రత్యేక రసాయనాల ప్రక్రియ 2010 చివరికి ముగిసిపోవడంతో, అప్పటికి ఫ్రిజ్‌లో దాచుకున్న రీళ్లు రంగుల ఫోటోలుగా మారే దారి లేకుండా పోయింది. 2012లో నిలిచిపోయిన అదే కంపెనీ మరో రంగుల ఫిల్మ్ ఎక్టాక్రోమ్ మాత్రం 2018లో తిరిగి వచ్చింది. ఈ రెండు నిర్ణయాల్లోనూ కెమెరా యజమానుల ప్రమేయం ఏమీ లేదు. అలాంటి వస్తువును ఇష్టంతో కొనవచ్చు గానీ పాప చదువుకు పెట్టే పెట్టుబడుల పక్కన ఒక వరుసగా రాసుకోలేం.

న్యాయంగా చెప్పాలంటే, ఈ తరహా కెమెరాల్లో ఎం6 అంత ప్రమాదకరమైనది కాదు. దాని షట్టర్ పూర్తిగా యాంత్రికం కనుక బ్యాటరీ అయిపోయినా వెలుతురును కొలిచే లైట్ మీటర్ తప్ప మిగతాదంతా పనిచేస్తుంది. 1990 ప్రాంతంలో వచ్చిన కాంటాక్స్ టి2 వంటి చిన్న ఎలక్ట్రానిక్ కెమెరాల సంగతి వేరు. లోపలి సర్క్యూట్ పాడైతే విడిభాగాలు దొరకడం కష్టం, నిన్నటి వరకు పెద్ద ధర పలికిన వస్తువు బల్ల మీద కాగితాలు ఎగరకుండా పెట్టుకోవడానికే పనికొస్తుంది. ఇంతకీ మీరు చెప్పిన ధరలో లెన్స్ కలిసి ఉందో లేదో రాయలేదు. లేకపోతే లెన్స్ ఖర్చు మరొకటి.

ఇక చెల్లింపు సంగతి. అయిదు నెలల జీతాన్ని పై వడ్డీతో 24 వాయిదాలు చేస్తే నెలకు మీ జీతంలో 24 శాతం పోతుంది. దానికి ఇప్పటి 9 శాతం కలిపితే జీతంలో మూడో వంతు ఒక్క అభిరుచికే పోతుంది. అందులోనూ కెమెరా చేతికొచ్చిన ఉత్సాహంలో రీళ్లు నాలుగు దగ్గర ఆగవు. డిపాజిట్ తీయడం ఇంకా తప్పు. ఉద్యోగం పోయిన నెలలోనో, ఆసుపత్రి ఖర్చు వచ్చిన వారంలోనో ఆ సొమ్ము ఒక్క రోజులో చేతికి రావాలి. కెమెరాను ఒక్క రోజులో అమ్మవచ్చు గానీ దాని అసలు ధరకు అమ్మలేరు. తొందరలో ఉన్నవాడి దగ్గర ఎంతకు కొనాలో కొనేవారికి బాగా తెలుసు.

ఇప్పుడు మేత లెక్కకు వద్దాం. నెలకు నాలుగు రీళ్లు, రీలుకు 36 ఫ్రేముల చొప్పున ఏడాదికి 1,728 సార్లు మీరు షట్టర్ నొక్కుతున్నారు. గత ఏడాది ఫోటోల్లో మీరు ప్రింటు వేయించినవీ, ఇంట్లో గోడకెక్కినవీ, మరొకరికి చూపించాలని దాచుకున్నవీ ఎన్నో ఒక సాయంత్రం కూర్చుని లెక్కపెట్టండి. మొహమాటం లేకుండా లెక్కపెడితే 60 తేలడమే గొప్ప. 60 అనుకున్నా, దాచుకోదగిన ఒక్కో ఫోటో వెనుక దాదాపు 29 ఫ్రేముల ఖర్చు ఉంది. ఒక రీలు కొని, కడిగించి, స్కాన్ చేయించిన ఖర్చులో ముప్పావు వంతుకు పైగా ఒక్క ఫోటో ధర అన్నమాట. ఖరీదైన కెమెరా ఈ నిష్పత్తిని మార్చదు. నేను కూడా ఈ అలవాటున్నవాణ్నే కనుక చెబుతున్నాను: నెలకు రెండే రీళ్లని కట్టడి పెట్టుకున్నప్పుడు నాకు మిగిలిన మంచి ఫోటోలు సగానికి తగ్గలేదు, నొక్కే ముందు ఆలోచించడం మాత్రం పెరిగింది. మీ ఏడింటిలో 120 అనే వెడల్పాటి రీలు పట్టే కెమెరా ఉంటే దాన్ని విడిగా లెక్క వేయండి; చదరపు ఫ్రేములైతే ఆ రీలుకు 12, ఆరు బై ఏడు సెంటీమీటర్ల ఫ్రేములైతే 10 మాత్రమే వస్తాయి కాబట్టి ఒక్కో నొక్కు ఖర్చు మూడింతలో, అంతకు మించో ఉంటుంది. అదే ఒక ఫ్రేము చోటులో రెండు ఫోటోలు తీసే హాఫ్ ఫ్రేమ్ కెమెరా అయితే మామూలు రీలు మీదే 72 ఫోటోలు వస్తాయి, అయితే స్కాన్‌కు ఫ్రేముల లెక్కన తీసుకునేచోట ఆ ఆదా కొంత కరిగిపోతుంది.

ఖర్చు తగ్గించే మార్గాల్లో అన్నిటికన్నా నమ్మదగినది నలుపు తెలుపు రీళ్లను ఇంట్లోనే కడుక్కోవడం. ఒక ట్యాంకు, వెలుతురు చొరబడని చేతి సంచి, థర్మామీటరు, ఫిల్మ్ మీద బొమ్మను తేల్చే డెవలపర్, దాన్ని చెరిగిపోకుండా నిలిపే ఫిక్సర్ ఉంటే చాలు. 1927 నాటి డి-76 వంటి డెవలపర్లు నేటికీ 20 డిగ్రీల నీటిలో చక్కగా పనిచేస్తాయి. సామగ్రికి పెట్టిన మొత్తాన్ని, ఒక్కో రీలు మీద మీకు మిగిలే మొత్తంతో భాగించి చూసుకోండి. ఆ అంకె మీ ఏడాది రీళ్ల సంఖ్యకు లోపల ఉంటేనే కొనండి. వంద అడుగుల చుట్టగా ఫిల్మ్ కొని మీరే డబ్బాల్లోకి చుట్టుకుంటే సుమారు 18 రీళ్లు వస్తాయి, విడివిడిగా కొనేదానికన్నా సాధారణంగా చవకగా పడుతుంది. రంగుల రీళ్లకు వాడే సి-41 పద్ధతిలో 38 డిగ్రీల వేడిని ఖచ్చితంగా నిలపాలి, కలిపిన రసాయనాలు ఎక్కువ కాలం నిలవవు. నెలకు ఒక రీలు కడుక్కునేవారు సగం రసాయనాన్ని పారబోయడానికే కొన్నట్టవుతుంది. రంగుల రీళ్లను ఎనిమిదో పదో కూడేదాకా చల్లని చోట ఉంచి ఒకేసారి కడగండి, లేదా వాటి వరకు ల్యాబ్‌కే ఇవ్వండి. స్కాన్ ఖర్చును మాత్రం, ఇంట్లో డిజిటల్ కెమెరా, చిన్నవాటిని దగ్గరగా తీసే మాక్రో లెన్స్ ఉంటే నెగటివ్‌లను వాటితోనే ఫోటో తీసుకుని వెంటనే ఆపేయవచ్చు.

ఏడు కెమెరాల్లో అయిదింటిని అమ్మండి. వాడకుండా ఉంచితే చెక్కుచెదరవన్నది భ్రమ. వెనుక తలుపు అంచుల్లోని ఫోమ్ జిగురుగా మారి రాలిపోతుంది, నూనె గడ్డకట్టి షట్టర్ నెమ్మదిస్తుంది, తేమకు లెన్స్‌లో ఫంగస్ పడుతుంది. చవకగా వచ్చిందని ఒకసారి పరీక్షించకుండా కొన్న కెమెరాలో ఆ ఫోమ్ లేదని, మూడు రీళ్లు వెలుతురు సోకి పాడయ్యాక నాకు తెలిసింది. ఆ రీళ్ల ఖర్చు కలిపితే మంచి స్థితిలో ఉన్నదే చవక. 1.35 వోల్టుల పాదరసం బ్యాటరీకి తయారైన పాత మోడళ్లుంటే వాటిని ముందుగా వదిలించుకోవచ్చు, ఎందుకంటే ఆ బ్యాటరీలు ఇప్పుడు దొరకవు, 1.5 వోల్టులది వేస్తే చాలా వాటిలో మీటర్ తప్పు చూపిస్తుంది. అమ్మే ముందు ఒక్కో దానిలో ఒక రీలు తిప్పి, పనిచేస్తున్నట్టు ఫోటోలతో సహా చూపించండి, ధరలో తేడా మీకే కనిపిస్తుంది.

ఇద్దరు సంపాదించే, పసిపాప ఉన్న ఇంట్లో ఇలాంటి అభిరుచికి ఒకరి జీతంలో 5 శాతం దాటకూడదన్నది నా లెక్క. ఇది శాస్త్రమేమీ కాదు, మీ ఆరు నెలల ఖర్చులకు నిధి, బీమా, పాప చదువుకు పొదుపు అన్నీ సక్రమంగా నడుస్తుంటే కొంచెం అటూ ఇటూ కావచ్చు. రెండు రీళ్లు, ఇంటి కడుగుడుతో 5 శాతంలో సర్దుకుని మిగిలిన 4 శాతాన్ని విడి ఖాతాలో వేయండి. ఒక్క ఆ సొమ్ముతోనే లైకా కొనాలంటే 125 నెలలు, అంటే పదేళ్లకు పైగా పడుతుంది. అయిదు కెమెరాలు అమ్మితే రెండు నెలల జీతం వచ్చినా ఇంకా 75 నెలలు మిగులుతాయి. మీ ఆదాయానికి ఆ కెమెరా ఎంత దూరంలో ఉందో వాయిదాల కాగితం చెప్పదు గానీ ఈ అంకె చెబుతుంది. లైకా లెన్సులే పట్టే రేంజ్‌ఫైండర్ కెమెరాలను వేరే కంపెనీలు కూడా చేశాయి, అవి చాలా తక్కువ ధరకు దొరుకుతాయి. ఫోటోను తయారు చేసేది లెన్సూ ఫిల్మూ కనుక ప్రింటులో ఆ తేడా పట్టుకోవడం ఎవరికైనా కష్టమే. మనసు ఒప్పుకోకపోతే ఎం6ను ఒక వారం అద్దెకు తీసుకుని రెండు రీళ్లు తీసి చూడండి.

మీ భార్య అడిగిన ప్రశ్నకు ఒకటి కాక రెండు కెమెరాలని నా జవాబు, ఎందుకంటే పాత కెమెరా మరమ్మతుకు వెళ్తే వారాల తరబడి తిరిగి రాకపోవచ్చు. ఏ రెండు ఉంచుకోవాలన్నది మీ నెగటివ్‌ల కవర్లు తీసి చూస్తే తేలిపోతుంది: గత ఏడాది ఏ కెమెరాలో ఎన్ని రీళ్లు తిరిగాయో ఒక కాగితం మీద ఇద్దరూ కలిసి రాయండి.