ఎర్ర లైటు వెలిగితే ముందు చదవండి, తర్వాతే రీబూట్

ప్రశ్న: ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకి ఐదు డైనమిక్సెల్ ఎక్స్‌ఎల్ 430 మోటార్లతో రోబో చెయ్యి కట్టాం. చిన్న నీళ్ల సీసా (150 గ్రాములు) ఎత్తి కాసేపు పట్టుకోగానే భుజం దగ్గరున్న రెండో నంబరు మోటారులో ఎర్ర లైటు మినుకుతుంది, చెయ్యి సీసాతో సహా బల్లమీద పడిపోతుంది. పవర్ తీసి పెడితే పనిచేస్తుంది కానీ విసురుగా లేస్తుంది. ఫ్రెండ్ చెప్పాడని ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే ఇప్పుడు ఆ మోటారు అసలు కనిపించట్లేదు. మేం 10 లక్షల బాడ్ రేటు (సెకనుకి ఇన్ని బిట్లు పంపే వేగం) వాడుతున్నాం. వచ్చే వారమే డెమో, చాలా టెన్షన్‌గా ఉంది.
– ఇంజినీరింగ్ విద్యార్థి, కాకినాడ

జవాబు: ముందు ఆ టెన్షన్ తీసేస్తాను, మీ మోటారు పోలేదు. ఫ్యాక్టరీ రీసెట్‌తో అది కొన్నప్పటి స్థితికి వెళ్లింది, అంటే ఐడీ (మోటారు నంబరు) 1, బాడ్ రేటు 57,600. మీ ప్రోగ్రామేమో 10 లక్షల వేగంతో రెండో నంబరుని పిలుస్తోంది, ఇంకెలా పలుకుతుంది? మిగతా నాలుగూ ఊడదీసి దాన్నొక్కదాన్నే కనెక్ట్ చేసి, ఈ మోటార్ల కంపెనీ సాఫ్ట్‌వేర్ డైనమిక్సెల్ విజార్డ్‌లో 57,600 దగ్గర స్కాన్ చేయండి. దొరికాక ముందు ఐడీ మార్చి, తర్వాత బాడ్ రేటు మార్చండి. ఒక్కదాన్నే అని ఎందుకన్నానంటే, మీ చేతి అడుగున ఇప్పటికే ఒకటో నంబరు మోటారు ఉండే ఉంటుంది, ఒకే తీగ మీద ఒకే నంబరుతో రెండు మోటార్లు ఒకేసారి జవాబిస్తే ఏదీ అర్థం కాదు. మీరు పెట్టుకున్న కోణం పరిమితులు కూడా చెరిగిపోయాయి, అవీ మళ్లీ రాయాలి. ఈ రీసెట్‌లోనే ఐడీనీ బాడ్ రేటునీ ముట్టుకోకుండా మిగతావి మాత్రమే చెరిపే ఆప్షన్ ఉంది, ఎప్పుడైనా తప్పనిసరైతే అది వాడండి. మీ సమస్యకి మాత్రం ఏ ఫ్యాక్టరీ రీసెట్టూ అక్కర్లేదు.

ఇక అసలు విషయం. లైటు మినుకడం మొదలవగానే పవర్ తీసేస్తున్నారు చూశారా, దాంతో మోటారు ఎందుకు ఆగిందో చెప్పే ఒకే ఒక్క ఆధారాన్ని మీ చేత్తోనే చెరిపేస్తున్నారు. ఎర్రర్‌తో ఆగిపోయినా ఈ మోటారు సీరియల్‌లో మాట్లాడుతూనే ఉంటుంది. మోటారు మెమరీలో ఎర్రర్ కోడ్ ఉండే చోటు, అడ్రస్ 70 చదవండి, ఒక్క బైటు. 1 వస్తే ఓల్టేజీ హద్దు దాటింది, 4 అయితే వేడెక్కింది, 16 అయితే కరెంటు సరఫరాలో తేడా, 32 అయితే ఓవర్‌లోడ్. రెండు మూడు కలిసి వస్తే ఆ అంకెలు కూడి వస్తాయి, 36 అంటే వేడీ ఓవర్‌లోడూ రెండూ అన్నమాట. పనిలోపనిగా 144లో ఓల్టేజీ (111 అంటే 11.1 ఓల్టులు), 146లో వేడి కూడా చూసి రాసి పెట్టుకోండి.

మీకు 32 వస్తుందనే నా నమ్మకం, ఎందుకంటే లెక్క వేసి చూశాను. భుజం అవతల మూడు మోటార్లు, బ్రాకెట్లు కలిపి 300 గ్రాములు, సగటున 20 సెంటీమీటర్ల దూరంలో అనుకుందాం, సీసా 28 సెంటీమీటర్ల దూరంలో అనుకుందాం. చెయ్యి అడ్డంగా చాచినప్పుడు భుజం మీద దాదాపు 1 న్యూటన్ మీటరు టార్క్ (తిప్పే బలం) పడుతుంది. ఈ మోటారు 11.1 ఓల్టుల దగ్గర పూర్తిగా బిగుసుకుపోయేదాకా ఇవ్వగలిగింది 1.4 న్యూటన్ మీటర్లు. అది క్షణం సేపటి బలం, నిలబెట్టి మోయించడానికి అందులో మూడో వంతు దాటనివ్వకూడదని నేను గట్టిగా చెబుతాను. కాబట్టి సీసా సగం ఖాళీ చేయండి, మోచెయ్యి వంచి పట్టుకునేలా ప్రోగ్రామ్ మార్చండి, కుదిరితే భుజానికి ఒక స్ప్రింగ్ ఆసరా ఇవ్వండి. 63వ అడ్రస్‌లో సున్నా రాసేస్తే ఎర్రర్‌కి ఆగడమే మానేస్తుందని ఎవరో ఒకరు చెబుతారు, దయచేసి వినకండి, మోటారు కాలకుండా కాపాడుతున్నది ఆ ఆగడమొక్కటే.

చదవడం అయ్యాక, భారం తీసేశాక, అప్పుడు రీబూట్. పవర్ పీకక్కర్లేదు, ఈ మోటార్లు మాట్లాడే భాష ప్రోటోకాల్ 2.0లో రీబూట్ ఇన్‌స్ట్రక్షన్ (8) ఉంది, ఆ ఒక్క మోటారుకే పంపొచ్చు. పంపేముందు ఒకరు రోబో చేతిని కింద నుంచి పట్టుకోండి, రీబూట్ అయ్యాక టార్క్ ఆఫ్‌లోనే ఉంటుంది. విసురుగా లేవడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. మీరు 112వ అడ్రస్‌లో రాసిన వేగం పరిమితి ర్యామ్‌లో ఉంటుంది, పవర్ పోతే అది సున్నా అవుతుంది, ఇక్కడ సున్నా అంటే పరిమితి లేదని, అంటే పూర్తి వేగమని అర్థం. మీ ప్రోగ్రామ్ పాత గమ్యాన్నే మళ్లీ పంపుతుంది, చెయ్యి ఒక్క ఊపున లేస్తుంది. రీబూట్ తర్వాత వేగం మళ్లీ రాసి, ఉన్న స్థానం చదివి, టార్క్ ఆన్ చేసి, అక్కడి నుంచి మెల్లగా కదిలించండి. ఎర్రర్ వచ్చిన ప్రతిసారీ తనంతట తానే రీబూట్ కొట్టే లూప్ ఉంటే ఇవాళే తీసేయండి, చేతి కింద ఎవరి వేళ్లున్నాయో దానికి తెలియదు.

ప్రశ్న: మా మోటార్లకి ఎర్ర లైటు రాదు, కానీ మధ్యమధ్యలో జవాబు రాక ప్రోగ్రామ్ ఆగిపోతోంది. రీబూట్ చేయాలా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: వద్దు, అది మోటారు ఎర్రర్ కాదు, తీగ మీద మాట పోతోంది. ప్రోగ్రామ్‌లో అదే ప్యాకెట్‌ని రెండు మూడుసార్లు మళ్లీ పంపేలా రాయండి. కనెక్టర్లు కదిలించి చూడండి, మోటార్లన్నీ ఒకేసారి కదిలినప్పుడే జవాబు పోతుంటే చివరి మోటారు దగ్గర ఓల్టేజీ చదవండి. మీ యూఎస్‌బీ అడాప్టర్‌లో ఎఫ్‌టీడీఐ చిప్ ఉంటే దాని లేటెన్సీ టైమర్ (వచ్చిన డేటాని కంప్యూటర్‌కి ఇచ్చేముందు ఆగే సమయం) మామూలుగా 16 మిల్లీసెకన్లు ఉంటుంది, దాన్ని 1కి తగ్గించి మళ్లీ నడపండి.