టెక్ సందేహాలు: గోడౌనుకీ స్ప్రింటేనా?

ప్రశ్న: బరంపురంలో పచ్చళ్లు, మసాలా పొడుల కంపెనీ మాది. ఆర్డర్ల యాప్ చూసే ఐదుగురం రెండేళ్లుగా స్క్రమ్ పద్ధతిలో, అంటే పనిని స్ప్రింట్లనే చిన్న విడతలుగా విడగొట్టుకుని, పనిచేస్తున్నాం. అది బాగుందని మా ఓనరుగారు వచ్చే నెల నుంచి అకౌంట్స్, గోడౌను, డెలివరీ వాళ్లనీ రెండు వారాల స్ప్రింట్లు చెయ్యమంటున్నారు. అకౌంట్స్ ఆయనేమో "జీఎస్టీ వాళ్లకి చెప్పండి మీ స్ప్రింటు" అంటున్నారు. ఏం చెయ్యమంటారు?

జవాబు: నేను అకౌంట్స్ ఆయన పక్షం. నెలనెలా రిటర్నులు వేసేవాళ్లకి అమ్మకాల వివరాలిచ్చే జీఎస్టీఆర్-1 గడువు 11వ తేదీ, పన్ను కట్టే 3బీ గడువు 20. అక్కడ స్ప్రింటుకి చోటెక్కడిది? స్క్రమ్ లాంటి పద్ధతుల ఉమ్మడి సూత్రాల పత్రం అజైల్ మేనిఫెస్టో. 2001లో అమెరికాలోని యూటాలో కూర్చుని దాన్ని రాసిన 17 మందీ సాఫ్ట్‌వేర్ వాళ్లే. గోడౌనుకి నప్పేది కాన్‌బాన్: పనుల్ని చీటీలుగా బోర్డు మీద పెట్టి, ఒక్కో దశలో ఇన్నే ఉండాలని హద్దు పెట్టుకోవడం. అది పుట్టిందే టొయోటా కార్ల ఫ్యాక్టరీలో.

ముందు పని ఎక్కడ ఇరుక్కుంటోందో చూడండి. 50,000 రూపాయలు మించిన సరుకు ఇచ్ఛాపురం సరిహద్దు దాటాలంటే ఈ-వే బిల్లు (సరుకు రవాణాకి ఆన్‌లైన్లో తీసే జీఎస్టీ పత్రం) ఉండాలి. పెట్టెల లెక్క గోడౌనుది, బిల్లు అకౌంట్స్‌ది, బండి నంబరు డెలివరీది. ముగ్గురూ "నా పని అయిపోయింది" అంటారు, బండి గేటు దగ్గరే ఉంటుంది. ఈ ఒక్క దారికే బోర్డు పెట్టండి. గోడౌను తలుపు పక్కన సుద్దతో నాలుగు గళ్లు గీయండి: ఆర్డరు, ప్యాకింగు, బిల్లు, బండి. ఆర్డరుకొక చీటీ, పని సాగేకొద్దీ అది పక్క గడిలోకి వెళ్తుంది. బిల్లు గడిలో మూడు చీటీలకి మించకూడదు. నాలుగోది వచ్చిందా, ప్యాకింగు వాళ్లు చేతిలో పని ఆపి, బిల్లుకి ఏం తక్కువైందో వెళ్లి అడగాలి. మొదటి వారం గొడవలవుతాయి, అవనివ్వండి. బండి నంబరు పొద్దున్నే ఇస్తే సగం చిక్కు తీరుతుందని ఆ గొడవల్లోనే బయటపడొచ్చు.

రోజూ ఆ బోర్డు ముందే పావుగంట, శాఖకొక్కరు నిలబడితే చాలు. నేను పనిచేసిన ఓ ఆఫీసులో ఈ పావుగంట గంటంబావుకి సాగి, చివరికి కుర్చీలు తెప్పించారు! చాలా జట్లని కలిపి నడిపే సేఫ్ (SAFe) లాంటి పెద్ద పద్ధతులు 50 నుంచి 125 మంది ఉండే గుంపులకి, మీకెందుకు?

ఇక ఓనరుగారు. మధ్యలో ఫోన్ చేసి "ఇది ముందు పంపెయ్" అనే అలవాటుంటే, ఆయన చీటీ కూడా బోర్డు మీదే పడాలి. ఒకటి పెడితే ఇంకొకటి తియ్యాలి. దీనికి ఆయన ఒప్పుకోకపోతే సుద్దముక్క కూడా కొనకండి.

ప్రశ్న: ఇదే బోర్డు ఫోన్‌లో పెట్టుకుంటే ఒడియా, తెలుగు రెండూ రాసుకోవచ్చా?

జవాబు: నిక్షేపంగా. జీబోర్డు (గూగుల్ కీబోర్డు) సెట్టింగుల్లో రెండు భాషలూ చేర్చుకోండి. స్పేస్ బార్ నొక్కి పట్టుకుంటే భాష మార్చుకోవచ్చు. ట్రెల్లో అనే బోర్డు యాప్‌లో చీటీ మీద ఏ లిపైనా పడుతుంది.